దేవమ్మ కొసరు

సూర్యాపేట
జూన్ 9

కరుణా,

ఇది చదివే ముందు మంచినీళ్లు తాగు. తాగావా? సరే, విను. జర్మనీలో మన దుకాణం ఆపేశారు.

ఫోన్ ఎందుకు చేయలేదని అడుగుతావు. మన ఒప్పందం మరిచిపోయావా? ఫోన్లో వ్యాపారం మాట్లాడితే మూడో నిమిషానికి మనకు కొట్లాట. హాస్టల్లో చారు గంటె దగ్గర మొదలైన రోగం అది. అందుకే కదా, వ్యాపారం సంగతి ఏదైనా సరుకు మూటలో ఉత్తరంగా పెట్టి బస్సుకు వేద్దామనుకున్నాం. రాసేలోపు కోపం చల్లారుతుందని నీ వాదన. ఈసారి చల్లారలేదని మనవి.

సంగతి ఇది. కింద పరుచుకుని కూర్చునే మన గొంగడి ఆసనం కొన్న ఒకావిడ డబ్బా విప్పి ఫొటో పెట్టింది. లోపల ఒక తళతళలాడే ప్లాస్టిక్ కవరు. మన పేజీలో ఏం రాసుకున్నాం? "మా ప్యాకింగ్‌లో ప్లాస్టిక్ లేదు" అని. ఆవిడ తిట్టలేదు, మర్యాదగానే అడిగింది. లేనప్పుడు ఇదేమిటి, దీన్ని మీరు ఎక్కడ లెక్క చెప్పారు అని. దానితో ఆ ఆన్‌లైన్ అంగడి వాళ్లు ముప్పై రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నారు. ఇవ్వకపోతే, ఇచ్చింది నమ్మకపోతే, జర్మనీ తలుపు శాశ్వతంగా మూత.

నీకు గుర్తుందో లేదో, అక్కడి చట్టం ఇలా ఉంటుంది. వాళ్ల దేశంలో ఎవరి ఇంటికైనా సరుకు పంపితే, దాని మీది డబ్బా, కాగితం, కవరు చెత్తబుట్టలో పడ్డాక కూడా పంపినవాళ్లదే బాధ్యత. సూర్యాపేట నుంచి పంపినా, చంద్రమండలం నుంచి పంపినా అంతే. వాళ్ల రిజిస్టర్‌లో పేరు రాయించుకోవాలి. ఏడాదికి అట్ట ఎంత బరువు, ప్లాస్టిక్ ఎంత బరువు పంపామో చెప్పాలి. ఆ చెత్త ఎత్తి మళ్లీ వాడకంలోకి తెచ్చేవాళ్లకు మన వంతు కట్టాలి. నేను అన్నీ చేశాను. ప్లాస్టిక్ దగ్గర సున్నా అని రాసి సంతకం పెట్టాను.

మన అమ్మకంలో సగానికి పైగా జర్మనీకే పోతుంది. అది పోతే చివ్వెంలలో తొమ్మిది మగ్గాల్లో నాలుగు కూడా నడవవు. నేను నిన్ననే చివ్వెంల పోయి అందరినీ నిలబెట్టి అడిగాను. గట్టిగానే అడిగానులే. ఎవరూ ఒప్పుకోలేదు.

జర్మనీ డబ్బాలు కట్టేది మిర్యాలగూడలో మీ అమ్మ, దేవమ్మ అత్త. ఆమె కంట ఏమైనా పడిందేమో అడిగి రాయి. ఆలస్యం చేయకు.

గీత

*

మిర్యాలగూడ
జూన్ 13

గీతకు,

నీళ్లు తాగాను. రెండు గ్లాసులు.

ఇక్కడ వాన మొదలైంది. వేములపల్లి వైపు నారుమళ్లు పోస్తున్నారట, ఆటోలన్నీ విత్తనాల బస్తాలతోనే తిరుగుతున్నాయి. బడి తెరిచారు. నాకు ఈసారి ఆరో తరగతి ఇచ్చారు, అల్లరికి అంతు లేదు. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. దవాఖానలో నూనె రాసుకోమన్నారు. రాసుకుంటుంది, తిట్టుకుంటుంది. ఆదివారం చర్చికి మాత్రం నడిచే వస్తుంది.

నువ్వు అడిగిన దాని గురించి. రెండేళ్లలో వందల డబ్బాలు పోయాయి. ఎక్కడో ఒక కవరు పడి ఉండవచ్చు. ఒక్క డబ్బాలో పొరపాటు జరిగింది, ఇకమీద జరగదు అని రాసేస్తే పోదా? నీ ఇంగ్లిష్‌కు ఎవరైనా కరుగుతారు. చివ్వెంల వాళ్ల మీద ఎందుకు లేచావు, పాపం. వాళ్ల దగ్గర కవర్లెక్కడివి?

అమ్మను అడిగాను. పెద్దగా ఏమీ చెప్పలేదు.

పదిహేను ఆసనాలు మడిచి పెట్టాం, దుకాణం తెరవగానే డబ్బాల్లో కట్టి పంపుతాం. తెరుస్తారు, బెంగ పెట్టుకోకు. మన సరుకు మంచిది.

కరుణ

మరిచాను. వచ్చే మూటలో తుక్కు ఉన్ని కాస్త ఎక్కువ వేయమని అమ్మ అడిగింది. తెల్లది ఉంటే ఇంకా మంచిదట.

*

సూర్యాపేట
జూన్ 17

కరుణా,

వాన, నారుమళ్లు, మోకాళ్లు, ఆరో తరగతి. ఇంత ఉత్తరంలో నా ప్రశ్నకు జవాబు మూడు మాటలు. "పెద్దగా ఏమీ చెప్పలేదు." పెద్దగా చెప్పకపోతే చిన్నగా ఏం చెప్పింది?

ఇక్కడ నా పరిస్థితి విను. ఐలమ్మ అత్త, అంటే మా నాయన చెల్లెలు, మగ్గం మీద నుంచి లేచింది. ఆమె లేస్తే మిగతా ఎనిమిది మందీ లేచారు. బతిమాలుదామని పోతే గుమ్మంలోనే ఆపింది.

"ఉన్నికి పెట్టే చింతగింజల గంజి కాసి కాసి నా చేతులు గిట్లయినయ్, సూడు. గీ చేతులు ప్లాస్టిక్ ముట్టినయా? నీకు నేసుడంటే ఏందో నేర్పింది ఎవరే? నలుగుట్ల నిలబెట్టి దొంగను అడిగినట్టు అడిగినవ్. ఇగ నువ్వే నేసుకో, నువ్వే అమ్ముకో, పో."

నేను తల దించుకుని వచ్చాను. నా నోటికి తాళం లేదని నువ్వు హాస్టల్ నుంచీ చెబుతూనే ఉన్నావు.

వచ్చి ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. కవరులో ఒక గొర్రెపిల్ల బొమ్మ ఉంది. బొటనవేలంత. నల్లటి ఒళ్లు, ఒక చెవి తెల్లగా. తుక్కు ఉన్నితో చుట్టింది. ఎంత ముద్దుగా ఉందంటే, కోపంలో కూడా ఒక నిమిషం దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తుక్కు ఉన్ని తెల్లది ఉంటే ఇంకా మంచిదని ఎవరో అడిగారు. ఎవరో నాకు గుర్తు రావడం లేదు. నీకు గుర్తొస్తే రాయి. నేను మళ్లీ అడగను.

ఇరవై రెండు రోజులు మిగిలాయి.

గీత

*

మిర్యాలగూడ
జూన్ 19

గీతా,

అమ్మే పెట్టింది. నాకు మొదటి నుంచీ తెలుసు. నీకు చెప్పకపోవడం నా తప్పు. మొన్న అబద్ధం రాయలేదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కానీ నిజం రాయకుండా రెండు పేజీలు నింపాను. దానివల్ల ఐలమ్మ అత్త మాట పడింది. ఆ మాట తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది.

ఎలా మొదలైందో చెబుతాను. ముప్పై ఏళ్లు అమ్మ మార్కెట్లో గంప పెట్టి కూరగాయలు అమ్మిందని నీకు తెలుసు. వంకాయలు కిలో తూచాక ఒక వంకాయ పైన వేయకుండా ఆమె చెయ్యి వెనక్కి రాదు. కొత్తిమీర కొన్నవాళ్లకు రెండు పచ్చిమిరపకాయలు. ఎప్పుడూ అడిగించుకోలేదు. "అడిగినంక ఏస్తే అది కొసరెట్లయితది, బిచ్చమయితది" అనేది. మోకాళ్లు పోయి గంప మానేసినప్పుడు ఆమెకు పోయింది బేరం కాదు, ఆ కొసరు వేసే చెయ్యి.

నువ్వు డబ్బాలు కట్టే పని ఇచ్చావు. మొదటి నెల ఆమె మొహం అదోలా ఉండేది. అన్నం సయించేది కాదు. ఏమైందంటే చెప్పింది. "గంత దూరంకెళ్లి మన సరుకు కొన్నరు. ఉత్త సరుకు ఎట్ల పంపాలె? మనిషి ముఖం సూడలె, మాట ఆడలె, కొసరన్న లేకపాయె." ఆ తర్వాత తుక్కు ఉన్నితో ఈ గొర్రెపిల్లలు చేయడం మొదలుపెట్టింది. ఉత్తిదే పెడితే నూగు అంటుకుంటుందని, బహుమతి లెక్క తళతళలాడాలని, బజార్లో చిన్న కవర్లు తెచ్చుకుంది. నాకు చూపించినప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూసి నేనేం అనలేకపోయాను. నీ సున్నా సంగతి నాకు గుర్తుంది. గుర్తుండీ మాట్లాడలేదు.

ఇప్పుడు అమ్మకు ఇంకా మొత్తం చెప్పలేదు. దుకాణం ఆమె కవరు వల్లే ఆగిందని తెలిస్తే తట్టుకుంటుందో లేదో. నువ్వు వేరే ఎవరినైనా పెట్టుకో, గీతా. మోకాళ్ల వంక చెప్పి నేనే మాన్పిస్తాను. చివ్వెంల వాళ్ల మగ్గాలు నిలబడటం ముఖ్యం.

కరుణ

*

కోదాడ
జూన్ 24

కరుణా,

నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని కోదాడ వచ్చాను. మన అట్టడబ్బాలు చేసే దామోదర్ గారి షెడ్డులో, కట్టల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆయన కట్టించే డబ్బాలతోపాటు ఇది నేరేడుచర్ల మీదుగా నీకు చేరుతుంది.

ఎందుకు వచ్చానంటే, నీ ఉత్తరం చదివాక మొదట నీ మీద, తర్వాత మీ అమ్మ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఒక మాట అడ్డం పడుతోంది. నీదాకా ఎందుకు, నేను చేసిందేమిటి?

నేను ఏనాడూ తూచలేదు, కరుణా. ఫారంలో డబ్బా బరువు నూట ఇరవై గ్రాములు అని రాశాను. ఎక్కడి నుంచి వచ్చింది? నా నోట్లోంచి వచ్చింది. ఎత్తి చూస్తే తేలికగా అనిపించింది, రాశాను. ప్లాస్టిక్ సున్నా అని ఎందుకు రాశాను? మనం వాడం కదా, మంచివాళ్లం కదా అని. ఫారం ముందు కూర్చుని పది నిమిషాల్లో ముగించి చాయ్ తాగాను.

ఇవాళ దామోదర్ గారిని డబ్బా బరువెంత అని అడిగితే ఆయన నవ్వారు. "ఇరవై ఏళ్లనుంచి ఈ వ్యాపారం చేస్తున్నానండీ. రేటు అడగనివాళ్లు లేరు, బరువు అడిగినవాళ్లు లేరు. మీరే మొదలు." తూచి చూపించారు. నూట అరవై రెండు. తర్వాత ఆయనే టేపు చుట్ట తీసి బల్ల మీద పెట్టారు. "ఇది ఏమనుకుంటున్నారు మీరు? ఇదీ ప్లాస్టిక్కేనండి."

ఆ టేపు మనం ప్రతి డబ్బాకూ నాలుగు వైపులా వేస్తున్నాం. అంటే దేవమ్మ అత్త ఒక్క కవరు కూడా పెట్టకపోయినా నా సున్నా అబద్ధమే. ఆమె కవరు నా అబద్ధాన్ని బయటపెట్టింది, అంతే. చివ్వెంలలో నలుగుర్లో నిలబెట్టాల్సింది నన్ను.

కాబట్టి అత్తను మాన్పించే మాట ఎత్తకు. ఎత్తావంటే ఈసారి ఫోనే చేస్తాను.

పొరపాటున ఒక్కటి పడిందని రాయను. మొత్తం సరిచేసి రాస్తాను. డబ్బాలెన్ని పోయాయో నా దగ్గర ఉంది, అట్ట బరువు తెలిసింది, టేపు కొలుస్తాను. తెలియనిది ఒక్కటే. కవర్లు ఎన్ని? మొదటి నెల పెట్టలేదన్నావు. తర్వాత జర్మనీ డబ్బాలు అన్నిటికీ పెట్టిందా, కొన్నిటికేనా? అందాజా రాయడానికి ఇంక నాకు చెయ్యి రాదు. అత్తకు అంతా చెప్పి అడుగు. దాచకు. ఆమె మనకంటే గట్టి మనిషి.

గీత

*

మిర్యాలగూడ
జూన్ 28

గీతా,

చెప్పాను. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు, చేతిలో ఏ బొమ్మా లేనప్పుడు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. జర్మనీ చట్టమేమిటో మళ్లీ ఒకసారి చెప్పమంది. చెప్పాను. మూడోసారి చెప్పమంది. ఆ తర్వాత ఏమందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"మార్కెట్ల గంప లేపినంక ఆ జాగ ఎవరు ఊడ్సాలె? గంప పెట్టినోళ్లే గద. తోటకూర కాడలు, కుళ్లిన టమాటలు గాడ్నే ఇడిసి వస్తే పక్కామె తిడతది, తిట్టాలె. నాకు జరమొచ్చి ఊడ్వలేని నాడు ఊడ్సేటామె చేతుల రెండు రూపాయలు పెట్టి వచ్చేదాన్ని. గీ జర్మనోళ్లు అడిగేది గదే గదనే. మన కవరు ఆళ్ల జాగల పడ్డది. మనం పోయి ఊడ్వలేం. ఊడ్సేటోళ్లకు ఇయ్యుమంటున్నరు. గిండ్ల పరేషాన్ ఏముంది? గీ ముక్క నాకు రెండేండ్ల కింద ఎందుకు చెప్పలే మీరు?"

 ఆమె అడిగింది నిజమే. చదువుకోలేదు, మోకాళ్ల నొప్పులు, తట్టుకోలేదు అనుకుంటూ ఆమెకు ఒక్క సంగతీ చెప్పకుండా మనమే నడిపాం. చెప్పి ఉంటే మొదటి రోజే మనకు పాఠం చెప్పేది.

ఇక లెక్క. కవర్లు ఎన్ని అని అడిగితే లేచి లోపలికి పోయింది. సిలువ పక్కన మేకుకు ఒక ఉన్ని దారం వేలాడుతుంటుంది, నువ్వు చూసే ఉంటావు, నేను జపమాల లాంటిదేదో అనుకున్నాను. అది తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నిండా ముడులు. గొర్రెపిల్లను పెట్టిన ప్రతి డబ్బాకూ, అది విప్పే ఇల్లు చల్లగుండాలని ఒక ప్రార్థన చేసి ఒక ముడి వేసిందట. ఉన్ని లేని రోజు గొర్రెపిల్ల లేదు, ముడీ లేదు. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. రెండు వందల పద్నాలుగు. ఆమె నన్ను నమ్మక రెండోసారి లెక్కపెట్టించింది. రెండు వందల పద్నాలుగే.

అవన్నీ జర్మనీవేనా అని అడిగాను. నువ్వు జర్మనీ డబ్బాల మీద అంటించే ఎర్ర చుక్క ఆమెకు తెలుసు. వేరే దేశాలకు పోయేవి నీ దగ్గర సూర్యాపేటలోనే కడతారు కదా. అన్నీ ఎర్ర చుక్కవే.

ఒక కవరు వంట తరాజు మీద పెట్టాను. సున్నా చూపించింది. నీ సున్నాయే. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. "ఒక్కటి తూగదు. పది పెట్టు" అంది. పది పెట్టాను. ఇరవై ఒక్క గ్రాములు. మొత్తం లెక్కేస్తే అర్ధ కిలోకు కాస్త తక్కువ. రెండేళ్ల కొసరు, ఇన్ని కన్నీళ్లు, తొమ్మిది మగ్గాలు ఆగడం, అంతా కలిపి ఒక చిన్న పొట్లకాయంత బరువు. అయినా నిజం బరువు అదే కదా. రాయి.

ముడుల దారం ఫొటో కూడా తీశాను. పంపు. నమ్మితే నమ్మనీ, లేకపోతే లేదు. మన దగ్గరున్న లెక్కల పుస్తకం అదే.

కరుణ

*

సూర్యాపేట
జూలై 12

నా ముద్దుల కరుణా,

తెరిచారు! నిన్న పొద్దున మెయిల్ వచ్చింది. వెంటనే ఫోన్ చేసి చెప్పేద్దామనుకుని, ఒప్పందం గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాను. ఈ మూట నీకు చేరేదాకా నేనొక్కదాన్నే ఎగురుతుంటాను.

ఏం రాశానో చెబుతాను. పాత రెండేళ్ల బరువులు తప్పు, కొలవకుండా రాశాను, ఆ తప్పు నాది అని మొదటి వాక్యం. తర్వాత డబ్బా బరువు, టేపు బరువు, కవర్ల బరువు. కవర్ల సంఖ్య ఎలా తెలిసిందో వివరిస్తూ ముడుల దారం ఫొటో. చెత్త ఎత్తేవాళ్లకు మా వంతులో తక్కువైంది కట్టిన రసీదు. పేజీలోంచి "ప్లాస్టిక్ లేదు" అనే గొప్ప తీసేశాను. టేపు మార్చాను, దామోదర్ గారు కాగితం టేపు తెప్పించారు. అది పూర్తిగా వాడకంలోకి వచ్చాక, తూచాక, అప్పుడు రాసుకుందాం గొప్పలు.

ఫొటో పెట్టిన ఆవిడకు కూడా విడిగా రాశాను. జవాబిచ్చింది. గొర్రెపిల్ల ఆమె వంటింటి కిటికీలో ఉందట. కవరు సరైన చెత్తడబ్బాలోనే వేసిందట. గొర్రెపిల్లను మాత్రం ఆపొద్దని రాసింది.

ఆపడం నా చేతిలో ఉందా? ఇంక చివ్వెంల సంగతి. సంజాయిషీ పంపిన మర్నాడే పోయి, ఎక్కడ నిలబెట్టి అడిగానో సరిగ్గా అక్కడే నిలబడి, తొమ్మిది మంది ముందు తప్పు నాదని చెప్పాను. ఐలమ్మ అత్త నన్ను కాసేపు అలాగే నిలబెట్టింది. బాగా ఎక్కువ సేపే. తర్వాత దేవమ్మ అత్త ముడుల కథ చెప్పమంది. విని, గొర్రెపిల్ల ఫొటో చూసి, మగ్గం మీదున్న ఆసనం అంచు నుంచి ఒక పోగు లాగి చూపించింది.

"కవరెందుకే పిచ్చిదానా. గీడ మూలకు జానెడు దారం ఇడిసి నేస్తం. గా మిర్యాలగూడెం అక్కకు చెప్పు, గొర్రెపిల్లను గీ దారానికే కట్టుమను. గొర్రె కట్టుగొయ్యకు ఉండాలె గని సంచుల ఉంటదా?"

చూడు, ఎంత సుళువు! సరుకుకు కట్టిందే కాబట్టి అదీ సరుకే. చుట్టడానికి ఏమీ లేదు, పారేయడానికి ఏమీ లేదు. ఇవాళ పంపే ఇరవై ఆసనాలకూ మూలన దారం వదిలి ఉంది. చూసి మీ అమ్మకు చూపించు. మగ్గాలు తొమ్మిదీ ఆడుతున్నాయి.

ఒక పని మిగిలింది. ఇకనుంచి ప్రతి నెలా తూచి రాయాలని ఒక పుస్తకం పెట్టాను, ఈ మూటలోనే ఉంది. డబ్బాలెన్ని, టేపెంత, కాగితమెంత. మొదటి పేజీలో "ప్యాకింగ్ బాధ్యులు" అని ఒక గీత ఉంది. అక్కడ ఇదివరకైతే నా పేరు రాసేదాన్ని, చూడకుండా, తూచకుండా. ఈసారి ఖాళీగా పంపుతున్నాను. ఎవరి పేరో నీకు తెలుసు. ఆమెను అడిగి రాయి. ఆమె వద్దంటే బలవంతం చేయకు, కానీ వద్దనదని నా నమ్మకం.

గీత

*

మిర్యాలగూడ
జూలై 16

గీతా,

ఇరవై డబ్బాలూ పోయాయి, ముందు మడిచి పెట్టిన పదిహేనూ గొర్రెపిల్లలు లేకుండానే పోయాయి. పోస్టాఫీసు వాళ్లు నెల రోజుల తర్వాత మమ్మల్ని చూసి, ఊరికి పోయారా అని అడిగారు.

మూలన వదిలిన దారాన్ని అమ్మ వేలితో చాలాసేపు తడిమింది. "మనసున్న మనిషి నేసింది" అంది. ఐలమ్మ అత్తకని ఒక గొర్రెపిల్లను విడిగా చేసింది. రెండు చెవులూ తెల్లవి. ఈ మూటలో ఉంది, కవరు లేకుండా, నూగుతో సహా.

పుస్తకం ముందు పెట్టి, నీ పేరు రాయనా అని అడిగాను. నన్ను రాయనివ్వలేదు. నువ్వు పలక మీద రాసి చూపించు, నేనే చూసి రాస్తానంది. ముప్పై ఏళ్లు వేలిముద్ర వేసిన మనిషి. మూడు రోజులు పట్టింది. ఆరో తరగతి వాళ్లకు కూడా నేను అంత ఓపిగ్గా చెప్పలేదు. "దే" దగ్గర రెండుసార్లు నన్ను తిట్టింది. నిన్న సాయంత్రం పెన్ను తీసుకుని రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, గీత దాటి కిందికి జారాయి. ఫొటో తీసి పంపుదామనుకున్నాను కానీ అది నువ్వు వచ్చి చూడాల్సిందే.

మేకు మీద కొత్త దారం కట్టింది. ఇరవై ముడులు పడ్డాయి. పాతది తీసి దాచుదామంటే ఒప్పుకోలేదు. రెండూ పక్కపక్కన ఉండాలట.

నీకు ఒక మాట రాయమంది. రాసేదాకా నా పక్క నుంచి లేవలేదు. "గీతకు రాయి. నా జాగ నేనే ఊడుస్త. రంది పెట్టుకోవద్దని రాయి."

కరుణ